మూడు కిలోల దుమ్ము

ఆ సోమవారం పొద్దున మునెప్ప చేతిలో ఉన్నవి ఇవి: ఒక స్టార్ స్క్రూడ్రైవరు, ఒక పెయింటు బ్రష్షు, ఒక బ్లోయరు, సగం పిండేసిన, చిప్పు వేడిని లాగే థర్మల్ పేస్టు ట్యూబు, ఇరవై నిమిషాల టైము. ఎదురుగా బల్ల మీద బోర్లా పడుకున్న ల్యాప్‌టాప్ ఒకటి. ఆ పనికి అంతకు మించి పెట్టుబడి అక్కర్లేదు. మదనపల్లెలో అంగళ్లు ఊరికి పోయే రోడ్డు మీద పన్నెండేళ్లుగా ఇంజనీరింగ్ పిల్లల ల్యాప్‌టాప్‌లు విప్పి మూస్తున్నవాడికి ఆ లెక్క తెలుసు. దానికి ముందు ఫ్యాన్లకు, మిక్సీలకు వైండింగ్ చేసేవాడు. యంత్రం ఏదైనా మునెప్ప సిద్ధాంతం ఒకటే: దానికి ఊపిరాడనిస్తే మనకు పనిచేసి పెడుతుంది.

ల్యాప్‌టాప్ పశువుల ఆఫీసుది. తెచ్చింది అక్కడి కంప్యూటర్ ఆపరేటర్ వసుధ. ఆమె వెంట వచ్చింది మల్లమ్మ. పెద్దతిప్పసముద్రం అవతలి పల్లెలో గొర్రెలు మేపుకునే మనిషి. పిడుగు పడి ఆమె గొర్రెలు పద్నాలుగు పోయాయి. పరిహారం కోసం దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఎక్కించడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. ల్యాప్‌టాప్ మాత్రం ఎనిమిదో నిమిషానికి పెనంలా కాగి ఆరిపోతుంది. మళ్లీ మొదటి గొర్రె నుంచి మొదలు. ఆఫీసు లాగిన్ తెరుచుకునేది ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే. గడువు ఆ నెల ముప్పై ఒకటి, సాయంత్రం అయిదు గంటలు.

"పిడుగుకు ఒగతూరి సచ్చినాయి నా గొర్రెలు," అంది మల్లమ్మ. "దీంట్లో ఇరవైతూర్లు సచ్చినాయి."

"లోపల ఫ్యానుకు దుమ్ము పట్టుండాది అమ్మా. గాలి పొయ్యే సందు మూసుకోనుండాది. అంతే. ఇరవై నిమిషాలు కూసో," అంటూ మునెప్ప మొదటి స్క్రూ మీద స్క్రూడ్రైవరు ఆనించాడు.

సరిగ్గా అప్పుడే, గోడ మీది టీవీలో, మంత్రిగారు ప్రకటించారు.

విషయం ఏమిటంటే, మదనపల్లెలో జరిగిన సమీక్షా సమావేశంలో మంత్రిగారి సొంత ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోయింది. అప్పటికి రాష్ట్ర భవిష్యత్తు నాలుగో స్లైడు దాకా వచ్చి ఉంది. అల్పులైతే ల్యాప్‌టాప్ తుడిపించుకుని ఊరుకునేవారు. మంత్రిగారు ఎప్పుడూ తన ఒక్కడి కోసం ఆలోచించిన మనిషి కాదు.

"ఇది గత పాలకులు వదిలి వెళ్లిన దుమ్ము!" అన్నారు గంభీరంగా. "ఈ క్షణం నుంచి 'దుమ్ము రహిత డిజిటల్ రాష్ట్ర మహోద్యమం' మొదలవుతోంది. అంకురార్పణ ఈ మదనపల్లెలో. శిక్షణ పుంగనూరులో. ముప్పై ఒకటిన కుప్పంలో మహా ప్రారంభోత్సవం!"

చప్పట్లు ఇంకా ఆగకముందే వసుధ ఫోనుకు సర్క్యులర్ వచ్చింది. ఆమె పైకి చదివింది: "ప్రారంభోత్సవానికి ముందు ప్రభుత్వ ల్యాప్‌టాప్‌లలోని దుమ్మును ఎవరూ తొలగించరాదు. ముందే తొలగించిన దుమ్ము ఉద్యమం ఖాతాలోకి రాదు. ఉన్న దుమ్మును ఉన్నచోటనే భద్రపరచవలెను."

మునెప్ప స్క్రూడ్రైవరు తీసి బల్ల మీద పెట్టాడు.

"యాల నిలిపినావప్పా?" అంది మల్లమ్మ.

"తుడిసే ఉద్యమం వచ్చిందంటమ్మా. అందుకే తుడవకూడదంట."

మల్లమ్మ షాపు మెట్టు మీద కూర్చుంది. మరుసటి రోజూ వచ్చి అక్కడే కూర్చుంది. ఆ మరుసటి రోజూ అంతే. తిట్టదు, ఏడవదు, ఏమీ అడగదు. అడిగే గిరాకీకి జవాబు చెప్పి పంపొచ్చు. ఏమీ అడగని మనిషిని మెట్టు మీద పెట్టుకుని వ్యాపారం చేయడం ఎంత కష్టమో మునెప్పకు ఆ వారమే తెలిసింది.

నాలుగో రోజు ఆ మెట్టు దాటుకుని సిద్దప్ప లోపలికి వచ్చాడు. మూడు నియోజకవర్గాలకు దుమ్ము నివారణ కన్వీనర్ ఆయన. పోయిన ఏడాది మొక్కల ఉద్యమానికి కూడా ఆయనే కన్వీనర్. ఒకే గుంతలో మూడుసార్లు మొక్క నాటించి, నీళ్లు ఆదా చేసిన దక్షత ఆయనది.

"నిన్ను టెక్నికల్ ఎక్స్‌పర్ట్‌గా ఏసినామప్పా," అన్నాడు. "ఒగ ల్యాప్‌టాప్ క్లీన్ జేసేదానికి ఎన్ని దినాలు పడతాది?"

"ఇరవై నిమిషాలు."

సిద్దప్ప గబగబా వెనక్కి చూశాడు, ఎవరైనా విన్నారేమోనని.

"అంత గట్టిగా అనొద్దప్పా. మూడు నెల్ల ఉద్యమం ఇది. ఇరవై నిమిషాల్లో అయిపోతే మేమంతా ఏం జేయల్ల?"

పుంగనూరులో శిక్షణ మూడు రోజులు ఘనంగా జరిగింది. అరవై మంది వచ్చారు. మొదటి రోజు బెంగళూరు నుంచి దిగిన నిపుణుడు దుమ్ము పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. రెండో రోజు అసలు ప్రశ్న లేచింది: దుమ్మును బయటికి ఊదాలా, బయటి నుంచి పీల్చాలా? సభ ఊదే పక్షంగా, పీల్చే పక్షంగా చీలింది. ఓటింగు పెడితే చెరి ముప్పై వచ్చాయి. రెండు పక్షాల మనోభావాలనూ గౌరవిస్తూ, ఒకరు ఇటునుంచి ఊదుతుండగా మరొకరు అటునుంచి పీల్చాలని తీర్మానించారు.

మునెప్ప లేచి, తనకు తెలిసిన ఒక్క ముక్క చెప్పాడు. "ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో అదిమి పట్టుకోవల్ల. లేదంటే అది బొంగరం మాదిరి తిరిగి పాడైపోతాది."

ముందు వరుసలోని ఒక అధికారి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఆ వేలు రెగ్యులర్ ఉద్యోగిదై ఉండాలా? ఔట్‌సోర్సింగ్ వేలైనా ఫర్వాలేదా?"

మూడో రోజంతా వేలికే సరిపోయింది. భోజనాలు బాగున్నాయి.

ఇరవై ఎనిమిదో తేదీ మధ్యాహ్నం సిద్దప్ప చెమటలు కక్కుకుంటూ మళ్లీ షాపుకు వచ్చాడు. కుప్పం వేదిక మీదికి ఇరవై కొత్త ల్యాప్‌టాప్‌లు వచ్చాయట. మంత్రిగారు స్వహస్తాలతో ఒక్కోదాన్ని ఊది, ఒక్కో ఆఫీసుకు బహూకరిస్తారట.

"మంచిదే గదప్పా," అన్నాడు మునెప్ప.

"ఏం మంచిది! అవి కొత్తవి. దాంట్లో దుమ్ము యాడుంటాది? సార్ ఊదితే దుమ్ము లేయల్ల. కెమెరాకు కనపడల్ల."

"ఆఫీసుల్లో దుమ్ము పట్టినవి వందలుండాయి. అవి పెట్టండి."

"వాటికి కీబోర్డు కీలు ఊడిపోయుండాయి. మంత్రిగారి పక్కన అట్లాంటివి పెడితే రాష్ట్రం పరువేం గావల్ల? నాకు మూడు కిలోల దుమ్ము గావల్లప్పా. ఎల్లుండికి. మెత్తగా జల్లించింది."

మునెప్ప మనసులో లెక్క వేశాడు. ఒక ల్యాప్‌టాప్ నుంచి రాలేది చెంచాడు. మూడు కిలోలంటే అంగళ్లు కాలేజీ మొత్తం దులిపినా చాలదు. కానీ శాంతిపురం వైపు గ్రానైటు కోసే చోట పొడి గుట్టలుగా పడి ఉంది. ఎత్తుకుపోతే దండం పెడతారు.

"గ్రానైటు పొడి తెస్తా. అయితే ముందే సెప్తాండా, అది ఫ్యానును అరగదీస్తాది."

"లోకల్ ప్రొడక్టు! ఇంకా మంచిది," అన్నాడు సిద్దప్ప. "ఏం గావల్లో అడుగు."

మునెప్ప మెట్టు వైపు చూశాడు.

"నాకేమీ వద్దు. ఈ పశువుల ఆఫీసు ల్యాప్‌టాప్ తుడిసేదానికి పర్మిషన్ ఇప్పించు. నువ్వు దుమ్ము తీసుకో, నన్ను దుమ్ము తీయనీ."

సిద్దప్ప వేళ్లు ముడిచి ఆలోచించాడు. కుప్పంలో వేసే స్టాల్లో 'శుభ్రపడిన తొలి ల్యాప్‌టాప్' అని ఒకదాన్ని ప్రదర్శనకు పెట్టాల్సి ఉంది. బేరం కుదిరింది. మల్లమ్మకు జనాన్ని తోలే బస్సులో సీటు కూడా దొరికింది.

ముప్పై ఒకటి పొద్దున కుప్పంలో, పందిరి వెనక, మునెప్ప ల్యాప్‌టాప్ విప్పాడు. ఫ్యానుకూ జాలీకీ మధ్య దుమ్ము కంబళి ముక్కలా అతుక్కుని ఉంది. రెక్కను తన సొంత వేలితోనే పట్టుకుని ఊదాడు. బ్రష్షుతో దులిపాడు. ఎండిపోయిన పేస్టు తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టి బిగించాడు. పందొమ్మిది నిమిషాలు పట్టింది. ఆన్ చేస్తే ఫ్యాను తిరుగుతున్నట్టే తెలియలేదు.

వసుధ దాని మీద చేయి పెట్టే లోపే సిద్దప్ప దాన్ని ఎత్తుకెళ్లి గాజుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. అందులో మంత్రిగారి ఉపన్యాసం మొదలైంది. అయిపోగానే మళ్లీ మొదలయ్యేలా పెట్టారు. పది గంటల నుంచి నాలుగు దాకా ల్యాప్‌టాప్ ఒక్కసారి కూడా ఆరలేదు.

వేదిక మీద మంత్రిగారు బ్లోయరు అందుకున్నారు. శాంతిపురం పొడి ఆకాశానికి లేచింది. ముందు మూడు వరుసలూ, మంత్రిగారూ, పూలదండలూ ఒకే రంగుకు వచ్చారు. సమానత్వాన్ని అంత స్పష్టంగా ఆ వేదిక అంతకుముందు చూడలేదు. తర్వాత ఇరవై ల్యాప్‌టాప్‌లూ ఇరవై ఆఫీసులకు బహూకరించారు. పశువుల ఆఫీసుకూ ఒకటి వచ్చింది, కొత్తగా లాగిన్ ఎక్కించి మరీ.

వసుధ పందిరి వెనక్కి పరుగెత్తి దాన్ని తెరిచింది. మల్లమ్మ పేరు టైపు చేసింది. మూడో గొర్రె దగ్గర లోపల కాఫీ గింజలు మర పట్టినట్టు శబ్దం వచ్చింది. స్క్రీను నల్లబడింది.

"ఇది దాని కంటే సురుగ్గా సస్తాండాదే," అంది మల్లమ్మ.

టైము నాలుగున్నర. మునెప్ప నేరుగా సిద్దప్ప దగ్గరికి పోయాడు.

"అప్పా, గాజుపెట్టె కాడ మనుషుల్లేరే. పేపరోళ్లు ఖాళీ స్టాలు ఫోటో తీస్తాండారు. లైవ్ డెమో పెట్టు. ఒగ పేదరాలి దరఖాస్తు, పదకొండు నిమిషాలు ఆరకుండా!"

సిద్దప్ప కళ్లు మెరిశాయి. "లబ్ధిదారు! పొద్దన్నుంచి ఏదో తక్కువైందే అని కొట్టుకుంటాండానప్పా, లబ్ధిదారు లేకపోయె!"

నాలుగూ నలభై రెండుకు గాజు తలుపు తెరుచుకుంది. వసుధ వేళ్లు కీబోర్డు మీద ఉరికాయి. జనం మూగారు. "ఏడో గొర్రె!" అని ఎవడో అరిచాడు. ఎనిమిదో నిమిషం వచ్చింది. మల్లమ్మ కళ్లు మూసుకుంది. నిమిషం దాటిపోయింది. స్క్రీను వెలుగుతూనే ఉంది. ఈలలు పడ్డాయి. పద్నాలుగో గొర్రె ఎక్కింది. ఫోటోలు ఎక్కాయి. పదకొండో నిమిషం నడుస్తుండగా, కనుబొమల మీద గ్రానైటుతో మంత్రిగారు విచ్చేశారు. వెనక పన్నెండు కెమెరాలు.

"ఏమి మిగిలిందమ్మా?"

"సబ్మిట్ ఒక్కటే సార్. ఒక్క క్లిక్కు."

"ప్రజల పని. నేనే నొక్కుతాను," అన్నారు మంత్రిగారు వినయంగా.

వసుధ మౌస్ చూపించబోయింది. కానీ ముప్పై ఏళ్ల ప్రజాజీవితంలో ఎన్నో ప్రారంభోత్సవాలు చేసిన మనిషికి బటన్ ఏదో ఒకరు చూపించాలా? ల్యాప్‌టాప్ పైమూలన గుండ్రంగా, ఒక్కటే, చిన్న లైటుతో మెరుస్తోంది. మంత్రిగారు చూపుడువేలు దాని మీద పెట్టి నొక్కారు.

"సార్, అట్లే పట్టుకోండి! ఇంకొక్క ఫోటో!" అన్నారు కెమెరాలవాళ్లు.

మంత్రిగారు చిరునవ్వుతో అలాగే పట్టుకున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు.

స్క్రీను ఆరిపోయింది. పందిరి చప్పట్లతో దద్దరిల్లింది.

"పూర్తయింది!" అన్నారు మంత్రిగారు.

మల్లమ్మ స్క్రీను వైపు చూసి, ఆయన వైపు చూసింది. "గొర్రెలు యాడికి పోయినాయి సామీ?"

"ఆన్‌లైన్‌లోకి పోయాయమ్మా," అన్నారాయన, ఆమె భుజం తట్టి.

అప్పుడు టైము నాలుగూ యాభై మూడు. ఏడు నిమిషాల్లో పదకొండు నిమిషాల పని ఎలా పట్టించాలో మునెప్పకు తెలిసిన ఏ వ్యాపారంలోనూ లేదు. అయినా వసుధ మళ్లీ ఆన్ చేసింది. పదో గొర్రె దగ్గర అయిదైంది.

మరునాడు మునెప్ప షాపులో కూర్చుని పేపరు విప్పి, మొత్తం కలిపి చూసుకున్నాడు. తీసిన దుమ్ము చెంచాడు. పోసిన దుమ్ము మూడు కిలోలు. బాగైన ల్యాప్‌టాప్ ఒకటి, అదీ గాజుపెట్టెలో ఉంది. చెడినవి ఇరవై. అందులో పదహారు ఆఫీసుల నుంచి, క్లీనింగు ఎప్పుడు చేస్తావని, అప్పటికే ఫోన్లు వచ్చాయి. తనకు ఒక శాలువా, 'దుమ్ము మిత్ర' బిరుదు.

మొదటి పేజీలో ఫోటో స్పష్టంగా పడింది. దాని కింద రాసి ఉన్న దాని ప్రకారం మల్లమ్మకు వచ్చినవి: పద్నాలుగు గొర్రెలు.