సంపు దగ్గర మూడున్నర

సోమవారం పొద్దున చిదంబరం అనుకున్నవి రెండే పనులు: స్నానం కాగానే సెల్లారుకు దిగి సంపులో నీళ్లు చూసుకోవడం, పైకొచ్చి పెసరట్టు తినడం. చిల్కానగర్‌లోని ఆ అపార్ట్‌మెంటుకు ఆయన అధ్యక్షుడు. వేసవిలో ఉప్పల్ వైపు అధ్యక్షుడంటే నీళ్లకు కాపలాదారే. మొదటి పని అయింది. రెండోది కాకముందే రెండో అంతస్తు తేజేష్ ఫోన్ చేశాడు. పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, సెల్లారు కెమెరాను దానికి కలిపింది ఆ కుర్రాడే, ముందురోజు.

"అంకుల్, వాచ్‌మన్ గదికి రండి. ఒక్కరే రాకండి."

తెరమీద సెల్లారు. ఒకటే ట్యూబ్‌లైటు. తెల్లటి గుడ్డ కప్పుకున్న ఆకారం ఒకటి వెనుదిరిగి నడిచింది. సంపు మూత ఎత్తి, వంగి, చాలాసేపు లోపలికి చూసింది. రికార్డింగు పక్కన వేళ తెల్లవారుజాము మూడున్నర.

"ఆ టైముకి నేను మంచి నిద్రలో ఉన్నాను బాబూ!" అన్నాడు చిదంబరం, ఎవరూ అడక్కుండానే. ఆ భయం కోపమై రాత్రి కాపలా శాంతాబాయి మీద పడింది. "దెయ్యం వచ్చి మన నీళ్లు చూసిపోతుంటే నువ్వేం చేస్తున్నావ్?"

"నేను కన్ను మూయలే సార్. ఒట్టు."

"ఆదివారం మీటింగులో నీ సంగతి తేలుస్తాం!"

 భర్త పోయాక ఆ వాచ్‌మన్ గదే శాంతాబాయికి ఇల్లు. ఉద్యోగం పోతే గదీ పోతుంది.

మంగళవారం చిదంబరం సంపు చుట్టూ నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. రికార్డింగులో ఆకారమూ నాలుగు పెట్టింది, మూడున్నరకే. "నేను పెట్టింది తొమ్మిదింటికి! దానికి ముందే ఎలా తెలిసింది?" బుధవారం ఆయన గుమ్మడికాయ కొట్టాడు. అదీ కొట్టింది. శుక్రవారానికల్లా అందరూ బళ్లు సెల్లారులో కాక రోడ్డుమీద పెట్టుకుంటున్నారు.

ఆదివారం పదిన్నరకు అందరూ కంప్యూటర్ ముందు చేరారు. తొలగింపు తీర్మానం మీద చిదంబరం సంతకం పెట్టబోతుండగా శాంతాబాయి నోరు విప్పింది.

"జర ఆగున్రి సార్. బయట ఎండ మండుతున్నది. గీ పెట్టెల ఇంకా ఐదే అయింది. గిదేం గడియారం?"

తేజేష్ నాలిక కరుచుకున్నాడు. "సారీ అంకుల్. టైమ్ జోన్ మార్చడం మర్చిపోయాను. ఇది మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉంది."

ఏదో టైపు చేశాడు. మూడున్నరలన్నీ ఒక్కసారిగా తొమ్మిదయ్యాయి. ఇంకా ఎవరూ చూడని శనివారం రికార్డింగులో ఆకారం గట్టిగా తుమ్మింది. తలమీది తువ్వాలు జారింది. చిదంబరం.

"సైనస్ కదా, తల తడిగా ఉంటే తువ్వాలు కప్పుకుంటాను," అన్నాడాయన నీరసంగా.

ఎవరూ నవ్వలేదు. గడియారం తప్పువల్ల ఇంతదాకా రాత్రి పది గంటలవని ఎవరూ పట్టించుకోని రికార్డింగులు ఇప్పుడు తెల్లవారుజాము మూడున్నరలోకి వచ్చి కూర్చున్నాయి. వాటిలో శాంతాబాయి స్టూలుమీద నిటారుగా, మెలకువగా ఉంది. పక్కన ఇంకో ఆడమనిషి జడ అల్లుకుంటోంది. వాళ్ల వెనక గేటుకు తాళం వేసే ఉంది.

"ఎవరక్కా ఆమె?" తేజేష్ తెరకు దగ్గరగా వంగి అడిగాడు.

"ఏమో. రోజు వస్తది. నన్ను నిద్ర పోనియ్యది. మంచిదే, పాపం."

చిదంబరం తీర్మానాన్ని నాలుగు ముక్కలు చేశాడు. శాంతాబాయిని శాశ్వతంగా ఉంచాలన్న కొత్త తీర్మానానికి ఎదురు చెప్పినవారు లేరు, కనబడినవారిలో.