చెక్క చేపల పొట్ట కింద గుంటలు

ధర్మపురి జిల్లా మొత్తానికి అపరాధ పరిశోధన అనే విద్య ఒక్కరికే అబ్బిందనీ, ఆ ఒక్కరు తానేననీ సౌభాగ్యం ఒక బుధవారం పొద్దున ఇడ్లీలు వడ్డిస్తూ ప్రకటించింది. వినడానికి ఇంట్లో ఇద్దరే ఉన్నారు. మొగుడు అంజప్ప నమలడం ఆపలేదు. అత్త మునియమ్మ మాత్రం, పరిశోధన సంగతి తర్వాత, చట్నీలో ఉప్పు ఏమైపోయిందో ముందు కనిపెట్టమంది.

మేధావులకు ఇంట్లో మర్యాద దొరకదని సౌభాగ్యానికి తెలుసు. బి.ఎ. చరిత్ర చదివిన మూడేళ్లలో ఆమె చరిత్ర కన్నా అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలే ఎక్కువ చదివింది. హంతకుడెవరో యాభయ్యో పేజీలోనే చెప్పేసేది. ప్రతిసారీ తప్పే చెప్పేది. అయినా, యాభయ్యో పేజీలోనే తేల్చడం సామాన్యులకు సాధ్యమా అని ఆమె వాదన.

ఇప్పుడు కేసు సొంత ఇంట్లోనే తగిలింది. పెళ్లయి మూడు నెలల పదకొండు రోజులు. గంటలు కూడా చెప్పగలదు గానీ ఎవరూ అడగలేదు.

అంజప్ప పగలు వడ్రంగి పని చేస్తాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, తేలిక చెక్కతో వేలంత చేపలు చెక్కుతాడు. తుంబలహళ్లి డ్యాములో కొర్రమీనుకు గాలం వేసేవాళ్లు ఎరకు బదులు ఈ చెక్క చేపను దారానికి కట్టి నీళ్లలో లాగుతారు. కొర్రమీను అది నిజం చేపే అనుకుని నోరు తెరుస్తుంది. రంగు వేశాక పైన ఎపాక్సీ పూయాలి. రెండు డబ్బాల్లోని రెండు ద్రవాలను సమంగా కలిపి పూస్తే, గట్టిపడి గాజులా మెరుస్తుంది. గట్టిపడేలోగా పూత కిందికి జారి బొట్టు కట్టకుండా చేపల్ని తిప్పుతూనే ఉండాలి. అందుకని అంజప్ప ఒక పాత సైకిల్ చక్రాన్ని స్టాండుకు బిగించి, దాని చుట్టూ చేపల్ని కట్టేవాడు. మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చుని మూడు గంటలపాటు వంతులేసుకుని తిప్పేవాళ్లు. సౌభాగ్యం తన వంతు అయిపోయినా ఒప్పుకునేది కాదు.

అంతా బాగానే ఉంది. కానీ ఇప్పటికి మూడుసార్లు ఒకటే ఘోరం జరిగింది. తెల్లారి చూస్తే ఆరు చేపలూ అద్దంలా ఉంటాయి, పొట్ట కింద ఒక్కచోట తప్ప. అక్కడ మిరియం గింజంత గుంట. ఎవరో గురి చూసి పొడిచినట్టు, ఆరింటికీ అదే చోట. అంజప్ప ఉప్పుకాగితంతో రుద్ది, స్పిరిట్ గుడ్డతో తుడిచి, మళ్లీ పూశాడు. మళ్లీ గుంట. ఇంకోసారి పూశాడు. ఇంకోసారి గుంట. డబ్బాల్లో ఇక ఒక్క పూతకే సరుకు ఉంది.

శనివారం సేలం నుంచి గాలాల అంగడి సదాశివం వస్తున్నాడు. ఆయనకు నచ్చితే నెలనెలా చేపలు చేసిచ్చే పని దొరుకుతుంది. నచ్చకపోతే బెంగుళూరులో బావ లేత్ షాపులో చేరతానని అంజప్ప మాటిచ్చేశాడు. అక్కడ చేరితే ఇంటికి వచ్చేది పదిహేను రోజులకు ఒకసారి.

"నా చేతిలో పనితనమే లేదేమో సౌభాగ్యం. బెంగుళూరుకు పోయేదే మేలు" అన్నాడు అంజప్ప, చెయ్యి కడుక్కుంటూ.

"చేతి తప్పు కాదు మామా. ఇది కుట్ర."

కుట్ర అన్నాక దర్యాప్తు తప్పదు. సౌభాగ్యం పాత క్యాలెండర్ వెనక వైపు అనుమానితుల జాబితా రాసింది. ఒకటి, బల్లి. రెండు, అత్త. మూడు, పక్కింటి సెల్లమ్మాళ్. బల్లిని అరగంట కళ్లార్పకుండా గమనించి, దానికి అంత ఓపిక లేదని కొట్టేసింది. అత్తను నేరుగా అడగలేక, గుంటలంటే మీకు ఇష్టమా అత్తా అని చుట్టు తిప్పి అడిగింది. గుంట పునుగులంటే ఇష్టమనీ, చేసి పెడితే తింటాననీ మునియమ్మ చెప్పింది. నేరస్థుల మాటల్లో ఇంత నిజాయితీ ఉండదు కాబట్టి అత్త పేరూ కొట్టేసింది.

తర్వాత తన పెళ్లినాటి పౌడర్ డబ్బా తెచ్చి, చేపలుండే గది నేలంతా చల్లి తలుపు దగ్గరికి వేసింది. సాయంత్రం తీసి చూస్తే ఆడమనిషి పాదాలు, స్పష్టంగా. కాలివేలికి మెట్టె గుర్తు కూడా పడింది. సౌభాగ్యం తన పాదం పక్కన పెట్టి చూసింది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

"చూసినావా మామా, ఎంత ముదురో. నా అడుగుల్లోనే అడుగులేసి నడిచింది."

అంజప్ప ఆ పాదాల వంకా, ఆమె పాదాల వంకా చూసి ఏదో అనబోయి, మూడు నెలల పదకొండు రోజుల అనుభవంతో మానుకున్నాడు. మునియమ్మకు అంత అనుభవం అక్కర్లేదు. ఆ పౌడరు ఊడ్చేది ఎవరో కూడా కనిపెట్టమంది.

ఇక మిగిలింది సెల్లమ్మాళ్. ఏదో ఒకటి అడిగి పుచ్చుకోవడానికి రోజూ వచ్చేది, వచ్చినప్పుడల్లా చేపల గదిలోకి తొంగి చూసేది. సౌభాగ్యం ఆమె పేరు చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టింది.

గురువారం సాయంత్రం ఆఖరి పూత. అంజప్ప ఆరు చేపల్నీ రుద్ది, తుడిచి, చక్రానికి కట్టి, ఎపాక్సీ కలపడానికి వాకిట్లోకి పోయాడు. సౌభాగ్యం ఒక్కతే కాపలా. సరిగ్గా అప్పుడే పెరటి వైపు నుంచి సెల్లమ్మాళ్ గొంతు వినిపించింది, జల్లెడ కావాలట. పులి తనంతట తానే బోనులోకి నడిచి వచ్చింది. సౌభాగ్యం చేతిలో పని చేతిలోనే వదిలేసి పెరట్లోకి పరుగెత్తింది.

జల్లెడ చేతికిచ్చి, బుధవారం నాలుగింటి నుంచి ఆరింటి దాకా ఎక్కడున్నావక్కా అని అడిగింది. సెల్లమ్మాళ్ జల్లెడ ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. నాలుగింటికి మోకాలు నొప్పెట్టిందట. ఆ మోకాలు తీర్థమలై కొండ ఎక్కినప్పుడు పట్టుకుందట. ఆ కొండకు అల్లుడి కోసం మొక్కుకుని ఎక్కిందట. అల్లుడి కథ మొదలయ్యేసరికి చీకటి పడింది. సాక్ష్యం గంటకు పైగా నడిచింది. చివరికి ఆమె మీద అనుమానం పోయి జాలి మిగిలింది. సౌభాగ్యం లోపలికి వచ్చేసరికి అంజప్ప ఆరింటికీ పూత పూసి ఒంటరిగా చక్రం తిప్పుతున్నాడు.

శుక్రవారం పొద్దున ఇద్దరూ చేపల ముందు గొంతుకూర్చున్నారు. అంజప్ప ఒక్కొక్కదాన్నే తిప్పి చూశాడు. ఒకటి, అద్దం. రెండు, అద్దం. మూడు, నాలుగు, అయిదు, అద్దాలే. ఆరో దానికి గుంట.

"నేరస్థురాలికి టైము చాలలేదు మామా" అంది సౌభాగ్యం, గంభీరంగా. "ఒక్కదాన్నే పొడిచి పారిపోయింది. అది కూడా నేను చుక్క పెట్టినదాన్నే. తక్కిన అయిదింటికి పెట్టేలోపల సెల్లమ్మాళ్ అక్క వచ్చేసె."

అంజప్ప చేపను కింద పెట్టాడు. "ఏం చుక్క?"

"దిష్టి చుక్క. కాటుకతో, పొట్ట కింద. నువ్వు చూస్తే నవ్వుతావని వెంటనే కొంగుతో తుడిచేస్తా. పెట్టినట్టు దిష్టికి తెలుస్తుంది, నీకు తెలీదు."

"మూడుసార్లూ పెట్టినావా?"

"ఇంత అందంగా ఉంటే పెట్టకుండా ఎట్ల?"

"కాటుక దేంతో చేసినావు?"

"ఆముదం దీపం మసి. దాంట్లో రెండు చుక్కల ఆముదం." అది చెప్పుకోదగ్గ సంగతే కాదన్నట్టు చెప్పింది. అందుకే కేసు కాగితాల్లోకి ఎక్కలేదు మరి.

అంజప్ప నేల మీద చతికిలబడ్డాడు. "నువ్వు చుక్క తుడిచినావు గానీ జిడ్డు పోలేదు పిల్లా. జిడ్డున్న చోట ఎపాక్సీ నిలవదు. చుట్టూ జరిగిపోయి గుంట పడుతుంది."

సౌభాగ్యానికి ముందు ఒళ్లంతా పులకరించింది, కేసు తేలిందని. ఆ వెంటనే ఎలా తేలిందో అర్థమై చెవులు వేడెక్కాయి. క్యాలెండర్ తెచ్చి, జాబితాలో నాలుగో పేరుగా తన పేరు బి.ఎ.తో సహా రాసుకుంది. అంజప్ప నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. కోపం వస్తే బాగుండు, తట్టుకోవచ్చు అనుకుంది ఆమె. మునియమ్మ తలుపులోంచి తొంగి చూసి, దొంగ దొరికిందా అని అడిగి, దొరికితే చీపురు ఇవ్వమంది.

శనివారం సదాశివం వచ్చాడు. చేపల్ని ఎండలో పట్టి చూశాడు, గోటితో గీరాడు, బకెట్టు నీళ్లలో లాగి చూశాడు. ఆయన లాగినంతసేపూ సౌభాగ్యం తలుపు చాటున గోళ్లు కొరుక్కుంది. అయిదూ సంచిలో వేసుకుని, వచ్చే నెలకు రెండు డజన్లు కావాలన్నాడు. ఆరోది పట్టుకుని ఈ గుంట ఏమిటని అడిగాడు.

"అది మా కోడలి సంతకం" అంది మునియమ్మ లోపలి నుంచి.

ఆయన వెళ్లాక అంజప్ప బావకు కార్డు రాశాడు, ఇప్పట్లో రాలేనని. పోస్టులో వేయడానికి చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని గడప దాటబోయాడు. బెంగుళూరుకు పోకుండా ఇంట్లోనే ఉండబోయే మనిషి పొద్దుటెండలో మరీ నిగనిగలాడుతున్నట్టు అనిపించింది సౌభాగ్యానికి. ఈయనకు ఎపాక్సీ పూసేది లేదు కదా అని ఒక్క క్షణం ఆలోచించింది. కాటుక భరిణె తీసి, ఆయన చెవి వెనక ఇంత చుక్క పెట్టింది.

ఈసారి తుడవలేదు.