మా తొట్టిలో నాచు చల్లగా ఉండాలి

చేపల తొట్టికి నాచు పట్టడం అదృష్టమని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి! మీ ఇంట్లో తొట్టి అద్దంలా మెరుస్తోందా? పాపం! ఇక మీ ఇంటికి ఎవరొస్తారు? వచ్చినా ఏం మాట్లాడతారు?

మా తొట్టి కిటికీ పక్కన ఉంటుంది. అందులోని మొక్కలన్నీ నా భార్య బ్లాజెనా నాటినవే. ఎండ పడితే నాచు పెరుగుతుందని మధ్యాహ్నం కర్టెన్ లాగడం కూడా ఆమె పనే. కిందటి అక్టోబరులో ఆమె పోయింది. ఆ తర్వాత కర్టెన్ ఎవరూ లాగలేదు.

వసంతం వచ్చేసరికి మొక్కలకు నల్లటి గడ్డం మొలిచింది. రాళ్లకు ఆకుపచ్చ జుట్టు వచ్చింది. నా నెత్తి మీద రానిది రాళ్ల మీద వచ్చింది!

అప్పటిదాకా మా గుమ్మం గంట మోగలేదు. సంతాపం చెప్పాల్సినవాళ్లు శ్మశానంలోనే చెప్పేశారు. తర్వాత నేను మెట్ల మీద ఎదురైతే చటుక్కున పక్కకు తిరిగి గోడకున్న తమ పోస్టు డబ్బాలో వెతుక్కునేవారు. మా ఒలొమౌత్స్ ఊళ్లో జనానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని నాకు అప్పుడే తెలిసింది!

నాచు పుట్టింది. గంట మోగింది!

ముందుగా పై అంతస్తు ద్రహోమీరా వచ్చారు. మా అక్వేరియం సంఘంలో ఆమె పాత సభ్యురాలు. గుమ్మంలో బూట్లు విప్పి, అతిథుల కోసం ఉంచే ఇంటి చెప్పులు తొడుక్కుని, కేకు నా చేతిలో పెట్టి, తిన్నగా తొట్టి దగ్గరికి నడిచారు.

"అయ్యో మాస్టారూ! ఇది తొట్టా, పాలకూర పులుసా?"

అంటూనే చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి నీళ్లలో ముంచారు. మా సంఘంలో అది ఆనవాయితీ. పరాయి తొట్టి కనిపిస్తే చెయ్యి పెట్టకుండా ఉండలేం. ఇంటివాణ్ణి అడగడం మర్యాద కాదు, కాలయాపన!

మర్నాడు మా భవనంలోనే ఉండే సంఘం అధ్యక్షుడు ఒటాకర్ సంచీడు నత్తలతో దిగారు. ఆయనను చూసి ద్రహోమీరా మళ్లీ దిగారు.

"నత్తలెందుకండీ? అవి నాచు వదిలేసి మొక్కలు తింటాయి."

"మీ నత్తలు తింటాయేమో. నావి పద్ధతిగా పెరిగినవి!"

ఆమె లైటు తగ్గిస్తే ఆయన పెంచారు. ఆయన ఎరువు వేస్తే ఆమె నీళ్లు మార్చారు. ఇద్దరి వైద్యం మధ్య నాచు ఏపుగా పెరిగింది. ఇంతకన్నా శుభం ఏముంది? వారానికి రెండు కేకులు!

ఒక్క సంగతి గమనించాను. నాచులో ఎన్ని రకాలున్నాయో అన్నింటికీ వాళ్ల దగ్గర పేర్లున్నాయి. కుచ్చు నాచు, దారపు నాచు, జింకకొమ్ము నాచు. ఏ పేరైనా గడగడా పలికేవారు. ఒక్క పేరు దగ్గరే ఇద్దరికీ దగ్గొచ్చేది.

"ఈ మొక్క ఎవరు... అంటే, ఇదెప్పటిది, మాస్టారూ?"

నేను జవాబు చెప్పి, కాఫీ పోసి, ఈసారైనా ఆ పేరు అంటారేమోనని చూసేవాణ్ణి. వాళ్లు కేకు బాగుందనేవారు.

చివరికి ఒటాకర్ చీకటి వైద్యం ప్రకటించారు. కొన్నాళ్లు తొట్టిని మూసేస్తే నాచు చస్తుందట.

"నల్లటి మందపాటి గుడ్డ ఏదైనా పట్రండి. పిసరంత వెలుగు కూడా దూరకూడదు!"

మా దుప్పట్లన్నీ తెల్లనివి. నల్లగా, మందంగా ఉన్నది వసారా కొక్కేనికి వేలాడుతున్న కోటు ఒక్కటే. తెచ్చిచ్చాను. ఆయన దాన్ని తొట్టికి తొడిగి, కింది నుంచి పైదాకా శ్రద్ధగా గుండీలు పెట్టి, వెనక్కి జరిగి చూశారు.

కిటికీ దగ్గర పొట్టిగా, లావుగా ఎవరో నిలబడి వీధి చూస్తున్నట్టుంది.

ద్రహోమీరా కోటు కాలరు సవరించారు. తర్వాత అన్నారు:

"పై గుండీ తీసేయండి. బ్లాజెనా పై గుండీ ఎప్పుడైనా పెట్టుకుందా?"

"వెలుగు దూరుతుందండీ..."

"దూరనివ్వండి!"

ఒటాకర్ గుండీ విప్పారు. విప్పుతూనే ఫక్కున నవ్వారు.

"చలికాలంలో పెంపుడు చేపల సంత నుంచి వస్తూ, చేపల సంచి చల్లబడకుండా ఈ కోటులోనే దాచింది! ట్రాములో ఓ పెద్దాయన ఆ పొట్ట చూసి లేచి సీటిచ్చాడు."

"ఆ వయసులోనా?"

"కూర్చుంది కూడా! ‘మగపిల్లాడే, అప్పుడే మీసాలు కూడా వచ్చేశాయి’ అని చెప్పింది."

ఆనాడు సంచిలో వచ్చిన ఆ మీసాల చేప ఇప్పుడూ కోటు లోపలే, తొట్టి గాజుకు అతుక్కుని ఉంది. ఆ సాయంత్రం వాళ్లు కేకు ముట్టలేదు. బ్లాజెనా అలా అంది, బ్లాజెనా ఇలా చేసింది అంటూనే ఉన్నారు. కాఫీ మళ్లీ మళ్లీ కాచాను.

వైద్యం పనిచేసింది. కోటు తీసేసరికి నాచు చచ్చింది, తొట్టి అద్దంలా మెరిసింది.

"ఇక మేం రావాల్సిన పనే లేదు, మాస్టారూ!" అని ఒటాకర్ కర్టెన్ లాగి, సంబరంగా చెయ్యి కలిపి వెళ్లారు. అన్న మాట నిలబెట్టుకున్నారు. నిన్న మెట్ల మీద ఎదురై, పోస్టు డబ్బాలో చెయ్యి పెట్టారు.

నాచు పట్టిన ఇంటికి ఏం చెయ్యాలో మా ఊళ్లో అందరికీ తెలుసు. అందుకే అంటున్నాను, నాచు చల్లగా ఉండాలి.

ఈ ఉదయం కర్టెన్ పూర్తిగా తెరిచాను. ఎండ బాగా పడుతోంది. కోటు మళ్లీ కొక్కేనికే తగిలించాను, పై గుండీ పెట్టకుండా.