లోవమ్మ బండీ, అరుదైన లోహాలూ

2006 జూన్ అయిదో తేదీన భీమవరం ప్రజలకు చైతన్యం కలిగింది. సాయంత్రం అయిదింటికి మొదలై, పకోడీల పొట్లాలు అందేసరికి పూర్తయింది.

కలిగించినవారు రొయ్యల మేత వ్యాపారీ, పర్యావరణ మిత్రమండలి అధ్యక్షులూ అయిన శివరామకృష్ణగారు. "పాడైన టీవీ చెత్త కాదండీ! అందులో ఎర్రరంగు చూపించేది యూరోపియం. కంప్యూటరు హార్డ్ డిస్కులో ఉండేది నియోడిమియం అయస్కాంతం. అన్నీ అరుదైన లోహాలు! భూమిని తవ్వడం మానేసి, పాతవాటిలోంచి తీసి వాడుకోవాలి!" అని బల్ల గుద్దారు. సభ పులకించిపోయింది.

ఆ మహత్కార్యాన్ని లోవమ్మ పదేళ్ళుగా చేస్తూనే ఉంది. ఇనప తోపుడుబండి మీద ఇల్లిల్లూ తిరిగి, పాడైన టీవీలూ టేపురికార్డర్లూ కొని పాత సామాన్ల కొట్టుకు చేర్చడమే ఆమె బతుకుతెరువు. అది పర్యావరణ పరిరక్షణ అని పాపం ఆమెకు తెలీదు. కాబట్టి సభకు పిలవలేదు.

మర్నాడు పొద్దున్నే రత్నమాణిక్యంగారి గుమ్మంలో బండి ఆపింది. "ఈ దిక్కుమాలిన టీవీ పట్టుకుపోవే" అని నెల్లాళ్ళుగా పోరుతున్న ఇల్లాలు ఆవిడ. ఇప్పుడు అదే టీవీకి పువ్వుల గుడ్డ కప్పి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"లోపల అంత సరుకుందని తెలిశాక ఎలా ఇస్తామే? ఇన్నాళ్ళూ మమ్మల్ని ఎంత ముంచావో!"

"అయ్యో, వంద టీవీలు విప్పినా చిటికెడు రాదండమ్మగారూ! అదీ పెద్ద ఫ్యాక్టరీలకెళ్తేనేనంట!"

వీధంతా అదే వరస. ఎలకలు కొరికిన కీబోర్డులు బీరువాల్లోకెక్కాయి. చచ్చిపోయిన సెల్‌ఫోను ఎవరికి చెందాలో తేల్చడానికి ఒక ఇంట్లో అన్నదమ్ముల మధ్య పెద్దమనుషులు కూర్చున్నారు.

రెండు నెలలు ఖాళీ బండి తోసి, లోవమ్మ అధ్యక్షులవారి దగ్గరికే వెళ్ళింది.

"మీ మీటింగైన కాణ్ణించీ బేరం లేదండి బాబూ. పిల్లలు పస్తులుంటన్నారు. మీ మంచంకింద ఉన్న పాత కంప్యూటర్లన్నా ఇప్పించండి."

"నావి ఇచ్చేస్తే ఏం లాభం లోవమ్మా? ముందు ప్రజల్లో మార్పు రావాలి!" అన్నారాయన, కళ్ళు చెమర్చి.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా కొట్టుకు వెళ్ళి, బండినే తూకానికి వేసేసి, గోడపక్కన కూలబడి బావురుమంది.

మరుసటేడు సభలో కార్యదర్శి నివేదిక చదివారు. ఏడాది పొడవునా పట్టణంలో ఒక్క ఎలక్ట్రానిక్ వస్తువు కూడా చెత్తలో కనబడలేదు. కరిగి మళ్ళీ వాడకంలోకి వెళ్ళిన లోహం: తోపుడుబండి, ఒకటి. హాలు చప్పట్లతో మారుమోగింది.

మీరూ కొట్టండి. చేతులు ఖాళీ లేకపోతే, ఆ పాత సెల్‌ఫోను మళ్ళీ సొరుగులో పెట్టేసి కొట్టండి.