నలభై దగ్గర ఆగిన మీటరు

పేద్ద అడవి ఒకటుండేది, దాన్లో ఒక బడి. ఆ బడి లేబుకి నక్క మాస్టారు పెద్ద.

వేడి మీద ఒక ప్రయోగం ఉంది. కాగే నీళ్లలోంచి ఇనప గుండు తీసి, రాగి గిన్నెలో చన్నీళ్లలో వెయ్యాలి. కలిపి, మీటరు పెట్టి, ఎన్ని డిగ్రీలో రాయాలి. పుస్తకంలో నలభై అనుంది. పిల్లలంతా గిన్నె ముట్టకుండానే నలభై రాసేసేవాళ్లు.

నూకాలనే కుందేలు పిల్ల మాత్రం నిజంగా చేసింది. ముప్పై ఆరొచ్చింది, అదే రాసింది.

"మిగతా నాలుగూ ఏవే?" అన్నాడు నక్క.

"కొంత గిన్నె తాగేసింది మాస్టారూ, కొంత గాలికి పోయింది."

"గిన్నె తాగిందా, నీ మొహం! రేపు ఇన్‌స్పెక్టరు ఎలుగు దొరగారొస్తున్నారు. అన్నీ పుస్తకంతో సరిపోతేనే నాకు హెడ్మాస్టరు పోస్టు. కొట్టేసి నలభై వెయ్యి."

"వచ్చింది కొట్టెయ్యడమేంటండీ?"

"అయితే సున్నా మార్కులు పట్టుకెళ్లు."

పట్టుకెళ్లింది.

దొరగారు కళ్లముందే చేసి చూపించమంటే? నక్కకి దిగులు పట్టుకుంది. ఊరికి పోతున్న కొంగ డాక్టర్ని ఆపి, జరం చూసే మీటరు అడిగి తెచ్చాడు. అది ఒకసారి ఎక్కితే విదిలిస్తేగానీ దిగదు. వేణ్ణీళ్లలో ముంచి సరిగ్గా నలభైకి ఎక్కించి ఉంచాడు.

దొరగారొచ్చారు, చేయించారు. నలభై!

"శభాష్! పోస్టు నీదేనయ్యా!" అని సంతకం పెట్టబోయి ఆగారు. "ఎండన పడొచ్చాను, ఒళ్లు వెచ్చగా ఉంది. ఇంత నిక్కచ్చి మీటరు మళ్లీ దొరుకుద్దా?" అని తీసి నోట్లో పెట్టుకున్నారు.

నలభై.

"బాబోయ్! ఏదీ, నువ్వూ పెట్టుకో."

నక్కకీ నలభయ్యే.

"అంటుజరం! బడి మూసెయ్యండి. ఇద్దరికీ లంఖణాలు!"

"డాక్టరొచ్చేదాకా ఆగితే..." అని నసిగాడు నక్క.

"మీటరు చెప్తుంటే డాక్టరెందుకయ్యా?"

పొద్దున్నే మీటరు పెట్టడం, నలభై చూడడం, పస్తు పడుకోడం. నాలుగో రోజు నూకాలు నక్క పడుకున్న గది కిటికీ దగ్గరికొచ్చింది.

"మాస్టారూ, మా అమ్మకి జరమొస్తే డాక్టరు ఆ మీటర్ని విదిలించి పెట్టాడండీ. మీరూ విదిలించండి."

"నోర్ముయ్యవే! విదిలిస్తే నా పోస్టు పోద్ది," అన్నాడు నక్క, డొక్క పట్టుకుని.

తొమ్మిదో రోజున దొరగారు కాగితం రాయించారు. తనకి జీతంతో మూడు నెలలు సెలవు. నక్క సంగతంటారా, "ఇంత జరమున్నవాడు బడేం నడుపుతాడు? ఇంటికి పంపెయ్యండి."

నీతి ఏంటంటే, అబద్ధం రాసుకోవచ్చు, కాకపోతే ముందు కడుపునిండా తిని రాయాలి.