గోల్కొండకు బయలుదేరిన బస్సు

“చరిత్రను చదివే రోజులు పోయినయి! ఇగ చరిత్రను ఎక్కి దిగే రోజులు వచ్చినయి!”

మెదక్ పట్టణంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఆవరణలో, నలుగురు విలేకరులు, నలభై రెండు మంది తొమ్మిదో తరగతి పిల్లల సమక్షంలో అమరేందర్ గారు ఈ ప్రకటన చేశారు. ఆయన విద్యార్థి చైతన్య సలహా మండలికి చైర్మన్. ఆ మండలి ఎవరికి ఏం సలహా ఇస్తుందో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఆయన సిద్ధంగానే ఉన్నారు.

మూడో వరుసలో కూర్చున్న సోషల్ టీచర్ సుమన గట్టిగా చప్పట్లు కొట్టింది. కొట్టకుండా ఎలా ఉంటుంది? ఆ యాత్ర ఆమెదే.

పదకొండేళ్లుగా ఆమె కుతుబ్ షాహీల పాఠం చెబుతోంది. బోర్డు మీద గోల్కొండ బొమ్మ గీసి, కింద దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ మీద వినిపిస్తుందని సుద్దముక్కతో గీత లాగి చూపిస్తోంది. ఈ జూలైలో ఫర్హీన్ అనే పిల్ల లేచి, “మీరు విన్నరా టీచర్?” అని అడిగింది. సుమన వినలేదు. అసలు గోల్కొండకే పోలేదు. ఆ వారమే కూర్చుని నాలుగు పేజీల ప్లాన్ రాసింది. పొద్దున ఏడింటికి బస్సు. పదింటికి గోల్కొండ. సగం మంది పిల్లలు కింద చప్పట్లు కొట్టాలి, సగం మంది పైన వినాలి, తర్వాత జట్లు మారాలి. మధ్యాహ్నం పులిహోర. మూడింటికి సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం లోంచి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టడం చూడాలి. ఆఖరికి చార్మినార్.

హెడ్‌మాస్టర్ రాజేందర్ మంచి మనిషి. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు పెన్ను మూత మూడుసార్లు తీసి పెడతాడు. ఈ కాగితానికి నాలుగోసారి కూడా తీసి, “ఎందుకైనా మంచిది మేడమ్, అమరేందర్ సార్‌కు ఒక మాట చెబుదాం” అన్నాడు. ఆ ఒక్క మాటతో పిల్లల టూరు ‘చారిత్రక చైతన్య మహాయాత్ర’ అయిపోయింది. గేటు మీదికి ఫ్లెక్సీ ఎక్కింది. దాని నిండా అమరేందర్ గారే ఉన్నారు. ఆయన చెవికీ భుజానికీ మధ్య మిగిలిన జాగాలో చార్మినార్ సర్దుకుంది.

యాత్రకు పది రోజుల ముందు, పిల్లల భద్రత దృష్ట్యా గోల్కొండను ముందుగా తనిఖీ చేయడానికి చైర్మన్ గారు పన్నెండు మంది అనుచరులతో మూడు కార్లలో స్వయంగా తరలివెళ్లారు. దారిలో బిర్యానీ దగ్గర కొంత ఆలస్యమైనా, కోటను బయటి నుంచి క్షుణ్ణంగా పరిశీలించారు. మర్నాడు స్టాఫ్ రూములో ఆయన ఇచ్చిన నివేదిక క్లుప్తంగా ఉంది.

“గంత పెద్ద కోట కట్టిన్రు గని, జర స్టేజీ ఏసెతందుకు జాగ ఉంచలేదు.”

“మనకు స్టేజీ అవసరం లేదు కద సార్,” అన్నది సుమన.

“ఏంది టీచరమ్మా, స్టేజీ లేకుంటే చరిత్ర గురించి ఎట్ల మాట్లాడుతం?”

“అక్కడ మాట్లాడేది ఏం లేదు సార్. చూసుడే.”

అమరేందర్ గారు రాజేందర్ వైపు చూశారు. రాజేందర్ పెన్ను మూత వైపు చూశాడు.

అప్పుడే బయట వరండాలో పిల్లలు చప్పట్ల ప్రాక్టీసు మొదలుపెట్టారు. సుమన వాళ్లకు నెల నుంచి నేర్పిస్తోంది. నలభై రెండు జతల చేతులు ఒక్కటై ఒకే దెబ్బ పడాలి, మళ్లీ ఒక క్షణం ఆగాలి. అమరేందర్ గారు పరవశించి బయటికి వచ్చారు.

“అబ్బబ్బ! ఏం కొడుతున్నరు! ఎవరి కోసం గిది?”

“కింద కొడితే పైన వినాలని సార్.”

“పైన ఎవరుంటరు?”

“పైన గూడ పిల్లలే సార్.”

“పిల్లలకు పిల్లలే కొట్టుకునుడేంది! వేస్టు గాదు?” అని ఆయన అనుచరుడు నగేష్‌ను పిలిచి, చెవిలో ఏదో చెప్పారు. నగేష్ డైరీలో రాసుకున్నాడు. మహాయాత్ర జెండా, మైకు, డైరీ మూడూ నగేష్ అధీనంలోనే ఉండేవి.

యాత్ర రోజున పిల్లలు ఆరున్నరకే బస్సు దగ్గర వరుస కట్టారు. ఫర్హీన్ వాళ్ల అమ్మ నెయిల్ పాలిష్ కూడా పెట్టి పంపింది. డ్రైవర్ వాహెద్ ఇంజను వేడెక్కించి, ఆపి, మళ్లీ వేడెక్కించాడు. తొమ్మిది నలభైకి అమరేందర్ గారి కారు వచ్చింది. ఆయన దిగి, నగేష్ అందించిన జెండా అందుకుని గాలిలో ఊపారు. బస్సు ఇరవై అడుగులు కదిలింది.

“ఆగు ఆగు! వీడియో రాలే!” అని నగేష్ పరుగెత్తాడు.

వాహెద్ రివర్స్ గేరు వేశాడు. రెండోసారి ఊపితే వీడియోలోకి జెండా వచ్చింది గానీ సార్ మొహం రాలేదు. మూడోసారి సార్ మొహం వచ్చింది గానీ కళ్లు మూసుకుని ఉన్నాయి. నాలుగోసారికి అన్నీ కుదిరాయి.

“మేడమ్, ఇరవై ఏండ్ల సంది బండి నడుపుతున్న,” అన్నాడు వాహెద్. “హైదరాబాద్ పోయేటందుకు ఇంతగనం ఎన్కకు ఎన్నడు పోలే.”

కుల్చారం దగ్గర రోడ్డుకు అడ్డంగా షామియానా కనిపించింది. కింద పూలదండలతో యాభై మంది. బస్సును దాటుకుని ముందే వచ్చేసిన అమరేందర్ గారు జెండాతో సిద్ధంగా నిలబడి ఉన్నారు. సుమన కిందికి దిగి పరుగున పోయింది.

“సార్, బస్సు మెదక్‌లనే బయలుదేరింది కద సార్!”

“అవు. బయలుదేరి ఏం చేసింది?”

“ఇక్కడిదాకా వచ్చింది.”

“వచ్చి?”

“ఆగింది. మీరు ఆపిన్రు సార్.”

“ఎట్లనో అట్ల, ఆగింది. ఆగినదాన్ని మల్ల కదిలియ్యాల్నా వద్దా? కుల్చారం పబ్లిక్ ఏమనుకుంటరు, మా ఊర్ల జెండా ఊపలేదని మనసుల పెట్టుకోరా?”

చరిత్రలో ఎం.ఏ. చేసిన సుమనకు ఈ తర్కం ఏ పుస్తకంలోనూ తగల్లేదు. పిల్లలను దింపారు. నగేష్ డైరీ చూసి సైగ చేయగానే నెల రోజులు సాధన చేసిన ఆ చప్పట్లు ఒకే దెబ్బగా పడ్డాయి. అమరేందర్ గారు కళ్లు మూసుకుని విన్నారు. “మల్లోసారి” అన్నారు. గంటన్నర తర్వాత జెండా ఊపారు. కౌడిపల్లిలో ఇంకో గంటకు పైగా పట్టింది. అక్కడివాళ్లకు కుల్చారం సంగతి తెలిసిపోయింది మరి.

నర్సాపూర్ చేరేసరికి రెండు దాటింది. అక్కడ నిజంగానే స్టేజీ వేశారు. గోల్కొండలో లేని స్టేజీ అది. చైర్మన్ గారు కుతుబ్ షాహీలతో మొదలుపెట్టి, తను సర్పంచ్‌గా ఓడిపోయిన ఎన్నికల మీదుగా, తను ఎంపీటీసీగా గెలిచిన ఎన్నికల దాకా చరిత్రను ఎక్కడా తెగకుండా తీసుకొచ్చారు. ఆ పనికి గంటా నలభై నిమిషాలు పట్టింది. ఈలోగా అడవి వైపు నుంచి వచ్చిన కోతులు బస్సు కిటికీల గుండా లోపలికి దూరి, నలభై రెండు పులిహోర పొట్లాలనూ క్రమశిక్షణతో కిందికి దించాయి. ఆ రోజు అనుకున్న పనిని అనుకున్నట్టు పూర్తి చేసింది ఆ కోతులే.

వాహెద్ గడియారం చూసుకుని సుమన దగ్గరికి వచ్చాడు.

“నాలుగు కొట్టింది మేడమ్. ఇప్పుడు పోతే సిటీ ట్రాఫిక్‌ల ఆరున్నర. గేటు బంద్ అయితది.”

సుమన స్టేజీ మెట్లు ఎక్కింది. మైకు పక్కనే నిలబడి, “సార్, జర పోనియ్యుండ్రి సార్. పిల్లలు పొద్దున్నించి తినలే. కోట బయటినుంచన్న చూసి వస్తరు” అన్నది.

అమరేందర్ గారు ఆమె వైపు ఎంతో ఆప్యాయంగా తిరిగారు.

“పరేషాన్ గాకు టీచరమ్మా. చరిత్ర ఏడికి పోతది? నాలుగు వందల ఏండ్ల సంది ఆడనే ఉన్నది. పిల్లలు పొద్దుగూకేవరకు ఇంటికి చేరాలె. పిల్లల భద్రతే నాకు ముఖ్యం.”

జనం హర్షధ్వానాలు చేశారు. అమరేందర్ గారు జెండా అందుకుని, మెదక్ వైపు తిరిగిన బస్సుకు కూడా ఊపారు.

తిరుగు దారిలో కుల్చారం దాటాక ఫర్హీన్ లేచి ముందుకొచ్చింది. “టీచర్, మనం పోయినట్టా, పోనట్టా?” అని అడిగింది. సుమన ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది.

మర్నాటి పేపర్లో జవాబు వచ్చింది. పోయినట్టే. ‘గోల్కొండలో మెదక్ విద్యార్థుల కేరింతలు’ అని మూడు కాలమ్‌ల వార్త. ‘చప్పట్ల ప్రతిధ్వని విని ఆశ్చర్యపోయిన చిన్నారులు’ అని దాని కింద ఇంకో వాక్యం. ముందుచూపు ఉన్న నగేష్ ఆ వార్తను యాత్రకు ఒక రోజు ముందే పంపించి ఉంచాడు.

ఆ వారమే చైర్మన్ గారి ఆదేశంతో ‘నేను చూసిన చరిత్ర’ అని వ్యాసరచన పోటీ పెట్టారు. దిద్దే పని సుమనదే. నలభై ఒక్క మంది పిల్లలు గోల్కొండ గురించి అద్భుతంగా రాశారు. కొందరు మెట్లు లెక్కపెట్టారు. ఒకరైతే పైన వీచిన చల్లగాలి గురించి అర పేజీ రాశారు. ఫర్హీన్ ఒక్కతే వేరుగా రాసింది. సుమన దాన్ని రెండుసార్లు చదివి, పైన ‘ప్రథమ బహుమతి’ అని రాసి రాజేందర్ ముందు పెట్టింది.

చదువుతుండగానే ఆయన లేచి తలుపు దగ్గరికేశాడు. “మేడమ్, గిది సార్ చేతిల వడితే నన్ను ఏడనో మూలకున్న నిజాంపేటకు, మిమ్ముల ఇంకెక్కడికో ఎత్తేస్తరు. ఆ చల్లగాలి పిల్లకు ఇయ్యుండ్రి ఫస్టు. మస్తు రాసింది.”

“ఆ పిల్ల కొండ ఎక్కలేదు సార్.”

“ఎవరు ఎక్కిన్రు మేడమ్?”

“అందుకే సార్. నేను చెప్పేది చరిత్ర. చూడనిది చూసినట్టు రాసినోళ్లకు ఫస్టు ఇచ్చి, రేపు క్లాసుల ఏ మొహం పెట్టుకొని నిలవడాలె? మార్చను. కావాలంటే మీరు మార్చుకోండ్రి, నా సంతకం కొట్టేసి.”

రాజేందర్ పెన్ను మూత తీశాడు. పెట్టాడు. ఎంతసేపైనా ఆ సంతకం కొట్టేయలేకపోయాడు.

బహుమతి సభలో అమరేందర్ గారు గెలిచిన వ్యాసాన్ని తానే చదువుతానని పట్టుబట్టారు. ఫర్హీన్ స్టేజీ మీద నిటారుగా నిలబడి ఉంది. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

“మేము పొద్దున ఆరున్నరకు వచ్చాము. సారు తొమ్మిది నలభైకి వచ్చారు. సారు జెండా ఊపారు. బస్సు వెనక్కు వచ్చింది. సారు మళ్లీ జెండా ఊపారు. కుల్చారంలో సారు బస్సు ఆపారు. సారు మాట్లాడారు. మేము చప్పట్లు కొట్టాము. సారు జెండా ఊపారు. కౌడిపల్లిలో సారు బస్సు ఆపారు. నర్సాపూర్‌లో సారు మాట్లాడుతుండగా కోతులు మా అన్నం తిన్నాయి. సారు ఆపలేదు. చీకటి పడుతుందని సారు మమ్మల్ని వెనక్కు పంపారు. సారు జెండా ఊపారు. నేను గోల్కొండ చూడలేదు. సారును చూశాను.”

రాజేందర్ కళ్లు మూసుకున్నాడు. అమరేందర్ గారు కాగితం దించి, కండువాతో కళ్లు తుడుచుకున్నారు. నిజంగానే తడిసి ఉన్నాయి.

“ఇన్నేండ్ల నా రాజకీయ జీవితంల,” అన్నారు గద్గదంగా, “నా గురించి ఒక్క అబద్ధం లేకుండ రాసింది ఈ బిడ్డనే!”

నగేష్ పరుగున వచ్చి ఫర్హీన్‌కు శాలువా కప్పాడు. ఆ వేదిక మీదే ఆయన మరో ప్రకటన చేశారు. పై ఏడు నుంచి చైతన్య యాత్ర, బిడ్డ రాసిన ఈ స్థలాలకే పోతుంది.

మరుసటి ఏడు నవంబరులో సుమన కొత్త తొమ్మిదో తరగతి పిల్లలతో కుల్చారంలో బస్సు దిగింది. రోడ్డు పక్కన నున్నటి నల్లరాయి నిలబెట్టారు. ‘ఈ స్థలమందు శ్రీ అమరేందర్ గారిచే చారిత్రక యాత్రకు జెండా ఊపబడినది’ అని బంగారు అక్షరాలు. పిల్లలు నోటు పుస్తకాలు తీసి రాసుకోసాగారు.

ఇంతలో హైదరాబాద్ నుంచి ఒక పసుపు రంగు స్కూలు బస్సు వచ్చి ఆగింది. ఇస్త్రీ బట్టల పిల్లలు బిలబిలా దిగి రాయి చుట్టూ మూగారు. హిస్టరీ టూరట. వాళ్ల టీచర్ సెల్ఫీలు తీయిస్తోంది. ఒక పాప గుంపులోంచి బయటికొచ్చి, రాయిని ముందు నుంచీ వెనక నుంచీ చూసి, సుమన పక్కన నిలబడింది.

“ఏ ఊరు బిడ్డా?” అని అడిగింది సుమన.

“లంగర్ హౌజ్, టీచర్.”

“అయితే గోల్కొండ పక్కనే. మంచిగ చూసినవా?”

“లేదు టీచర్,” అంది ఆ పాప. “రోజూ దాని ముందు నుంచే పోతాం. మా బస్సు అక్కడ ఆగదు.”