వంజీరు జుట్టు తీసేసిన ఆదివారం

ఆ ఆదివారం రాజరాజేశ్వరి పెట్టుకున్న పని ఒక్కటే. ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికి మేడ మీద ఎండబోసిన మిరపకాయలకు తొడిమలు తీయడం. హైస్కూల్లో సోషల్ మాస్టారైన భర్త శేషాచలం కూరలకని బజారుకు వెళ్ళాడు. ఎండ ముదిరేలోగా సగం గుట్టయినా పూర్తి చేయాలని ఆమె గోళ్ళకు పని చెబుతోంది.

అది ఎనభై అయిదు వేసవి. బాపట్లలో వాళ్ళ మేడగదిలో వంజీరు అనే కెన్యా అమ్మాయి అద్దెకుంటోంది. పత్తి పంట గురించి చదువుకోవడానికి వచ్చింది. ఏడాది తిరక్కుండానే తెలుగు పట్టేసింది గాని, ఒక్కోసారి వాక్యంలో ముఖ్యమైన మాట జారవిడుస్తుంది. రాజరాజేశ్వరికేమో ఎదుటివాళ్ళు సగం చెప్పగానే మిగతా సగం తనే పూరించేసుకునే అలవాటు. ఈ ఇద్దరూ ఒక ఇంట్లో ఉండి కూడా ఇన్నాళ్ళూ ఏ గొడవా రాకపోవడమే విశేషం.

వంజీరు తన జుట్టును చిన్న చిన్న పాయలు తీసి, ఒక్కో పాయనీ కుదురు నుంచి కొస దాకా నల్లదారంతో చుట్టుకుంటుంది. వాళ్ళ దేశంలో జుట్టుకు ఇచ్చే విశ్రాంతి అది. దారం చాటున వెంట్రుక చిక్కుపడదు, తెగదు. కొన్ని వారాలకోసారి ఆ దారం విప్పి, తల కడిగి, నూనె రాసి, మళ్ళీ చుట్టుకోవాలి. ఇదివరకు హైదరాబాదులో చదివే తన దేశపు అమ్మాయిల దగ్గరికి వెళ్ళి చేయించుకునేది. ఈసారి పరీక్షలని ఆగిపోయింది. గిన్నె పట్టుకుని రాజరాజేశ్వరి దగ్గరకొచ్చింది.

"పిన్నిగారూ, కొంచెం కొబ్బరినూనె ఇస్తారా? ఇవాళ జుట్టు తీసేస్తున్నాను."

రాజరాజేశ్వరి చేతిలోని మిరపకాయ చేతిలోనే ఉండిపోయింది. "తీసేస్తావా? మొత్తమా?"

"మొత్తం. సాయంత్రం దాకా పడుతుంది."

"ఎందుకమ్మా? ఏమొచ్చిందని?"

"ఎప్పుడూ అమ్మ చూసుకునేది," అని వంజీరు నిట్టూర్చింది. "ఇప్పుడు అమ్మ లేదు కదా."

అంతే. రాజరాజేశ్వరి గబుక్కున లేచి ఆ పిల్లను గుండెకు హత్తుకుంది. పొద్దుటి నుంచీ మిరపకాయల్లో నానిన రెండు చేతులతో చెంపలు నిమిరింది. కళ్ళు కూడా తుడిచింది. అప్పటిదాకా పొడిగా ఉన్న కళ్ళు ధారలు కట్టాయి.

"నీళ్ళు... పిన్నిగారూ, నీళ్ళు!"

"రానీ తల్లీ, కన్నీళ్ళు రానీ. కడుపులో పెట్టుకోకు."

వంజీరు తడుముకుంటూ నీళ్ళ కుండీ దగ్గరకు పరుగెత్తింది. పక్క మేడ మీద రవికెలు కుట్టే సైదాబీ మిషను ఆపి, పిట్టగోడ మీద నుంచి తొంగిచూసింది.

"ఏమైందక్కా, ఆ పిల్ల అట్టా ఏడుస్తంది?"

"వాళ్ళమ్మ పోయిందట సైదా. గుండు చేయించుకుంటానంటోంది."

"యా అల్లా! దేశం కాని దేశంలో పిల్లకెంత కష్టమొచ్చింది!" అంటూ సైదాబీ గబగబా మెట్లు దిగింది. సైదాబీ మెట్లు దిగిందంటే కబురు వీధి చివరిదాకా చేరినట్టే.

శేషాచలం సంచి గుమ్మంలో దించకముందే రాజరాజేశ్వరి మళ్ళీ బయటకు తరిమింది. "మీరు వెంటనే వెళ్ళి గురునాథాన్ని పొది తీసుకుని రమ్మనండి."

"మొన్ననేగా నేను క్షవరం చేయించుకున్నాను?"

"మీకు కాదు. వంజీరుకి."

శేషాచలం బిత్తరపోయాడు. "ఆడపిల్ల గుండు చేయించుకోవడమేమిటే?"

"వాళ్ళ ఆచారం మనకేం తెలుసు? సాయంత్రం దాకా తనే గీసుకుంటానంటోంది. బ్లేడు జారితే ఎవరిది పూచీ?"

శేషాచలం ఏళ్ళ తరబడి ఆఫ్రికా పాఠం చెబుతున్నాడు. అందులో నైలు నది ఉంది, రాగి గనులున్నాయి, ఈ సంగతి మాత్రం లేదు. ఎదురు చెప్పడానికి ఆధారం దొరక్క చెప్పులేసుకున్నాడు.

ఈలోగా వంజీరు మంటలు చల్లారిన కళ్ళతో వసారాలో కూర్చుని ఒక పక్క దారమంతా విప్పేసింది. ఆ పక్క జుట్టు పత్తికాయ విచ్చినట్టు గుబురుగా పైకి లేచింది. రెండో పక్క దారం చుట్టిన పాయలు అలాగే ఉన్నాయి. తలెత్తి చూస్తే వీధిలోని ఆడవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు వచ్చి చాప మీద కూర్చుంటున్నారు. సైదాబీ గ్లాసుతో గంజి తెచ్చింది. వంజీరు మొహం వికసించింది.

"మీరందరూ నా జుట్టు కోసమే వచ్చారా? మా ఊళ్ళో కూడా ఇంతే! ఆడవాళ్ళందరూ వస్తారు. పాటలు కూడా పాడతారు."

దుఃఖంతో పిల్లకు మతి చలించిందనుకుని ఇద్దరు బావురుమన్నారు. వంజీరు నవ్వు సగంలో ఆగింది.

అప్పుడే కబురు విని, కాలేజీలో ఆమెకు పాఠం చెప్పే రాధాకృష్ణమూర్తిగారు వచ్చారు. గొంతు సవరించుకుని ఇంగ్లీషులో ఓదార్చారు. "వంజీరూ, యువర్ మదర్ వాజ్ ఎ గ్రేట్ లేడీ."

ఆ 'వాజ్' వంజీరు చెవిలో గునపంలా దిగింది. అదే నిమిషంలో శేషాచలం వెనక గురునాథం లోపలికొచ్చి, పొది విప్పి, కత్తి తోలు మీద నూరడం మొదలుపెట్టాడు.

వంజీరు చటుక్కున లేచింది. "టెలిగ్రాం వచ్చిందా? నా దగ్గర దాచారా? మా అమ్మకేమైంది?"

రాధాకృష్ణమూర్తిగారు సైదాబీ వంక చూశారు. సైదాబీ రాజరాజేశ్వరి వంక చూసింది. రాజరాజేశ్వరి వంజీరు వంకే చూసింది. 'నువ్వేగా చెప్పావు' అనబోయింది గాని, ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేకపోవడం చూసి గబుక్కున చెయ్యి పట్టుకుంది. ఎవరూ పలక్కపోయేసరికి వంజీరు కుప్పకూలిపోయింది. ఈసారి కన్నీళ్ళలో కారం లేదు.

అరగంట గడవకుండా దంపతులిద్దరూ, రాధాకృష్ణమూర్తిగారూ వంజీరుతో తంతి ఆఫీసులో ఉన్నారు. వంజీరు తల్లి నైరోబీలో ఒక ఆస్పత్రిలో నర్సు. ఆ నంబరుకు ట్రంకాల్ బుక్ చేశారు. మధ్యాహ్నం తిరిగిపోయినా లైను దొరకలేదు. సగం విప్పిన తలతో బల్ల మీద కూర్చున్న వంజీరు, రాజరాజేశ్వరి చెయ్యి వదల్లేదు.

"పిన్నిగారూ, మీకెవరు చెప్పారు?"

"నాకు... నేను విన్నట్టు గుర్తమ్మా," అంది రాజరాజేశ్వరి నీరసంగా. తన మాట తప్పయితే బాగుండునని జీవితంలో మొదటిసారి దేవుడికి మొక్కుకుంది.

ఎట్టకేలకు గుమాస్తా కేకేశాడు. వంజీరు రిసీవరు పట్టుకుని తన భాషలో ఏదో అరిచింది. ఏడ్చింది. తర్వాత నవ్వింది. ఆ పైన తల వంచుకుని చాలాసేపు వింటూ నిలబడింది.

"ఏమంటోందమ్మా?" అన్నాడు శేషాచలం ఉండబట్టలేక.

"సగం తలతో రోడ్డు మీదకు ఎందుకొచ్చావని తిడుతోందండీ."

రాజరాజేశ్వరి గోడకు చేరబడింది. "మరి అమ్మ లేదన్నావు?"

"ఇక్కడ లేదు. అక్కడ ఉంది."

"జుట్టు తీసేస్తానన్నావు?"

"దారం! జుట్టు దారం తీసేస్తాను. ఆ మాట రాలేదు నాకు."

రాధాకృష్ణమూర్తిగారు 'వాజ్'ను 'ఈజ్' అని దిద్దుకుని, ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చేసరికి గురునాథం ఇంకా అరుగు మీదే ఉన్నాడు. "మాస్టారూ, ఇంతకీ ఎవరికి చెయ్యాలండీ?" అన్నాడు. శేషాచలం తన తల తడుముకుని లోపలికి తప్పుకున్నాడు.

ఆడవాళ్ళు మాత్రం కదల్లేదు. ఏడవడానికి వచ్చి ఊరికే ఎలా పోతారు? రాజరాజేశ్వరి చేతులు మజ్జిగతో, తర్వాత నూనెతో రుద్దిరుద్ది కడుక్కుని, కుంకుడు రసం, పేల దువ్వెన పట్టుకొచ్చింది. వంజీరు రెండూ పక్కన పెట్టేసింది.

"కుంకుడు వద్దు పిన్నిగారూ, నా జుట్టు ఎండిపోతుంది. వట్టి నీళ్ళు చాలు. పెద్ద పళ్ళ దువ్వెన కావాలి. తడిగా ఉన్నప్పుడే దువ్వాలి. ముందు చివర్లు, తర్వాత కొంచెం పైన, ఆఖర్న కుదురు."

"మేం కుదుళ్ళ కాణ్ణించి ఒక్క లాగు లాగుతాం," అంది సైదాబీ.

"అందుకే మీ దువ్వెన నిండా జుట్టు," అంది వంజీరు. సైదాబీ చప్పున దువ్వెన కొంగులో దాచింది.

తలా ఒక పాయ పట్టుకున్నారు. కాస్త నూనె చేత్తో అద్దారు. కణతల దగ్గర బిగించొద్దని, వదులుగానే చుట్టమని వంజీరు చెబుతూనే ఉంది. పొద్దు వాలేసరికి కొత్తదారం మెరుస్తున్న తలకు రాజరాజేశ్వరి తన పాత పట్టు రవికె గుడ్డ చుట్టింది. పడుకున్నప్పుడు దిండు రాపిడికి జుట్టు తెగకూడదట. వంజీరు ఆమె భుజం మీద తల వాల్చింది. "ఇవాళ అమ్మ లేని లోటు తెలియలేదండీ." ఆ మాట అర్థం చేసుకునే ముందు రాజరాజేశ్వరి మరోసారి చెప్పించుకుంది.

మర్నాడు శేషాచలం పేర నైరోబీ నుంచి తంతి వచ్చింది. 'పిల్ల ఫోనులో ఏడ్చింది. మంగలి, కత్తి, జనం అంది. నా దగ్గర దాచకండి. ఆస్పత్రిలో అందరం ప్రార్థన చేస్తున్నాం. నిజం చెప్పండి.'

జవాబు రాయడానికి రాజరాజేశ్వరి కాగితం, కలం తీసుకుంది. శేషాచలం ఆ రెండూ మెల్లగా లాగేసుకున్నాడు.